మీకు తెలుసా? పిల్ల తాబేలు వీపున సోలార్ ట్యాగ్

జనవరి వచ్చిందంటే కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. నక్కలూ కుక్కలూ తవ్వేయకుండా అటవీ శాఖ సిబ్బంది వాటిని కంచె లోపలికి మార్చి పాతిపెడతారు. ఇంచుమించు యాభై రోజులకు పిల్లలు బయటికొస్తాయి. ఒళ్లంతా కలిపి నాలుగైదు సెంటీమీటర్లే. అరచేతిలో పెట్టుకున్నా ఈదుతున్నట్టే రెక్కలాడిస్తాయి. కడలిలో అవి ఎటు వెళ్తాయో తెలిపే శాటిలైట్ ట్యాగ్‌ను అంత చిన్న చిప్ప మోయలేదు.

అమెరికాలోని ఫ్లోరిడాలో ఇందుకు ఓ దారి కనిపెట్టారు. లాగర్‌హెడ్ జాతి తాబేలు పిల్లలను ప్రయోగశాలలో కొన్ని నెలలు పెంచి, పది గ్రాముల లోపు సోలార్ ట్యాగ్‌లు అంటించి కడలిలో వదిలారు. చిప్ప పెరిగేకొద్దీ ట్యాగ్ ఊడిపోయేది. చివరికి గోళ్లకు వేసే ఆక్రిలిక్ పూత, జుట్టుకు సవరాలు అతికించే జిగురు ఆదుకున్నాయి. నాకు బాగా నచ్చింది ఈ జిగురు సంగతే! 2014లో వెలువడిన ఆ పరిశోధనలో 17 పిల్లలను వెంబడించారు. ప్రవాహం ఎటు తోస్తే అటే పోతాయనుకున్నవాటిలో కొన్ని గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహాన్ని వదిలి సర్గాసో సముద్రం వైపు మళ్లాయి.

మన తూర్పు తీరంలో ట్యాగ్‌లు వేసేది పెద్ద తాబేళ్లకే. 2021లో ఒడిశాలో రెక్కకు 03233 నంబరు ట్యాగ్ వేసిన తల్లి తాబేలు, 2025లో పడమటి తీరాన మహారాష్ట్రలోని గుహాగర్‌లో గుడ్లు పెడుతూ కనిపించింది.