మెట్ట బీళ్ళలో స్టైలో: విత్తనం రాలితేనే మేత నిలుస్తుంది

వర్షాకాలం ముగిసిన కొద్ది నెలలకే మెట్ట ప్రాంతపు బీళ్ళలో గడ్డి ఎండి పీచుగా మారుతుంది. మేతలో మాంసకృత్తులు సుమారు 7 శాతం కంటే తగ్గినప్పుడు పశువు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులకు చాలినంత నత్రజని లభించదు. పీచు జీర్ణం కావడం మందగిస్తుంది. ఎదుట ఎండుగడ్డి ఎంత ఉన్నప్పటికీ పశువు తగినంత తినలేదు. అదే బీడులో గడ్డితో కలిసి పెరిగే పప్పుజాతి మొక్క ఈ లోటును చాలావరకు పూరించగలదు. అటువంటి వాటిలో స్టైలో ముఖ్యమైనది.

స్టైలో హమాటా కరీబియన్ ప్రాంతంలో సహజంగా పెరిగే మొక్క. దీని ‘వెరానో’ రకం ఆస్ట్రేలియాలో ఎంపికై భారతదేశంతో సహా అనేక ఉష్ణమండల దేశాలకు విస్తరించింది. ఇదే ప్రజాతికి చెందిన స్టైలో ఫ్రూటికోసా దక్షిణ భారతదేశపు మెట్ట పచ్చికలలో సహజంగానే పెరుగుతుంది. హమాటా ఆకులో మూడు సన్నని పత్రకాలు, కొమ్మల చివర చిన్న పసుపు పూలు ఉంటాయి. కాయ కొనన కొక్కెం ఉండటం వల్లనే దానికి ‘హమాటా’ అనే లాటిన్ పేరు వచ్చింది. ఈ కొక్కెం పశువుల వెంట్రుకలకు తగులుకొని విత్తనాన్ని దూరప్రాంతాలకు చేరుస్తుంది. వేరు బుడిపెలలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరీకరించడం వల్ల నిస్సారమైన ఇసుక నేలల్లో సైతం ఇది పెరుగుతుంది. నీరు నిలిచే నేలలు దీనికి పనికిరావు.

స్టైలో విత్తనపు పొర గట్టిది, నీటిని సులభంగా లోనికి రానీయదు. అందువల్ల శుద్ధి చేయని విత్తనం చల్లితే మొలక పలచబడి, రైతు విత్తనం నాసిరకమని భావించే అవకాశం ఉంది. విత్తనాన్ని 80 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో 4 నుండి 5 నిమిషాలు ఉంచి, పిదప రాత్రంతా చన్నీటిలో నానబెట్టి, తొలకరిలో పైపైన విత్తాలి. లోతుగా పడిన చిన్న విత్తనం పైకి రాలేదు.

ఈ గట్టి పొరే బీడుకు రక్ష కూడా. హమాటా మొక్క ఆయుర్దాయం స్వల్పం. ఏటా రాలిన విత్తనంతోనే అది బీడులో నిలుస్తుంది. గట్టి విత్తనాలన్నీ ఒకేసారి మొలకెత్తవు కనుక, తొలకరి మొలకలు బెట్టకు ఎండిపోయినా నేలలో మరికొన్ని మిగిలి ఉంటాయి. కావున మొదటి సంవత్సరం విత్తనం రాలేవరకు పశువులను వదలరాదు. తరువాతి సంవత్సరాలలో వానల ఆరంభాన పశువులు లేత గడ్డిని ఇష్టపడి, గడ్డి ముదిరిన పిదప స్టైలో వైపు మళ్ళుతాయి. ఆ దశలో మంద పరిమాణాన్ని బీడు శక్తికి తగినట్లు పరిమితం చేసినప్పుడే మరుసటి ఏటికి విత్తనం, వేసవికి మేత రెండూ మిగులుతాయి.