అమెరికా చదువుకు వెళ్ళేవారు తెలుసుకోవలసిన తుపాకీ చట్టం

పోయిన నెల మన ట్రస్టు ఆఫీసులో స్కాలర్‌షిప్పు దరఖాస్తులు సరిచూస్తుండగా ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. "అన్నగారూ, మావాడికి టెక్సాస్‌లో ఎం.ఎస్. సీటు వచ్చింది. అక్కడ కాలేజీలోకి తుపాకీ తెచ్చుకోవచ్చట, నిజమేనా?" అని అడిగారు. బ్యాంకులో గుమాస్తాగా ఎన్నో ఎడ్యుకేషన్ లోన్ ఫారాలు చూశాను గాని, ఈ ప్రశ్నకు అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. తరువాత చదివి తెలుసుకున్నది అందరికీ పనికివస్తుందని రాస్తున్నాను.

ముందు స్కూళ్ళ సంగతి. స్కూలు ఆవరణలోను, చుట్టూ వెయ్యి అడుగుల లోపలా తుపాకీ ఉంచుకోవడం నేరమని 1990లో అక్కడి ఫెడరల్ ప్రభుత్వం చట్టం చేసింది. అది ఫెడరల్ ప్రభుత్వ అధికారంలోనిది కాదని 1995లో లోపెజ్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. రాష్ట్రాల మధ్య వాణిజ్యంలో చేతులు మారిన తుపాకులకు వర్తించేలా సవరించి 1996లో మళ్ళీ తెచ్చారు. నేటికీ అదే అమలులో ఉంది. రాష్ట్ర లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది.

ఈ చట్టం పన్నెండో తరగతి వరకే. కాలేజీల విషయం రాష్ట్రాల చేతిలో ఉంది. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీలలో 2016 ఆగస్టు 1 నుంచి లైసెన్సుదారులు తుపాకీని పైకి కనబడకుండా వెంట ఉంచుకోవచ్చు. ప్రైవేటు యూనివర్సిటీలు కావాలంటే నిషేధించుకోవచ్చు. కాలిఫోర్నియాలో అయితే యూనివర్సిటీ రాతపూర్వక అనుమతి లేనిదే కుదరదు. అంటే ఆ తల్లి విన్నది నిజమే.

అయితే మన పిల్లలకు ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. ఎఫ్-1 వీసాపై ఉన్న విద్యార్థి తుపాకీ గాని, తూటాలు గాని కలిగి ఉండడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. 2022 సవరణతో ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళ జైలు. శిక్ష పడితే దేశం నుంచి పంపివేయవచ్చు కూడా. "సొంతది కాదు, అద్దెది" అన్నా చెల్లదు.

మళ్ళీ వచ్చినప్పుడు ఈ మాటే చెప్పాను. కుర్రవాడు తలవంచుకుని, "సీనియర్లు షూటింగ్ రేంజికి తీసుకెళ్తామన్నారు, మామయ్యగారూ" అన్నాడు. వాళ్ళమ్మ ముఖం పాలిపోయింది.

విద్యార్థులారా! చేరిన వెంటనే మీ యూనివర్సిటీ ఆయుధాల నిబంధనలు చదవండి. సందేహముంటే విదేశీ విద్యార్థుల ఆఫీసులో అడగండి. ఫోటో సరదాకైనా తుపాకీ చేతబట్టకండి. తల్లిదండ్రులారా! సూటుకేసు సర్దేటప్పుడు పచ్చళ్ళతోపాటు ఈ మాట కూడా చెప్పి పంపండి.