సిద్ధాంత వ్యాసములందు కృతజ్ఞతా నివేదనము

విశ్వవిద్యాలయములలో పిహెచ్.డి. పట్టమునకై సమర్పించు ప్రతి సిద్ధాంత వ్యాసమునకును మొదట ఒకటి రెండు పుటల కృతజ్ఞతా నివేదన ముండుట ఆచారము. పరీక్షకులు ఈ పుటలను విమర్శింపరు. మౌఖిక పరీక్షలో వీనిని గూర్చి ప్రశ్న రాదు. విద్యార్థియు వ్యాసమంతయు ముగిసి, బైండింగునకు పంపుటకు ముందటి రాత్రి వీనిని వ్రాయును. ఇది మర్యాద కొరకు వ్రాయు భాగమే గాని పరిశోధనలో భాగము కాదని సామాన్యాభిప్రాయము. ఈ అభిప్రాయము సరికాదనియు, ముఖ్యముగా మౌఖిక సాహిత్యమును విషయముగా గొన్న వ్యాసములందు కృతజ్ఞతా నివేదనము ప్రమాణములలో నొకటియనియు చూపుట ఈ వ్యాసోద్దేశము.

తోడ్పడినవారిని గ్రంథముఖమున స్మరించుట మనకు కొత్త గాదు. తెలుగున తొలి కావ్యమైన ఆంధ్ర మహాభారత మందే ఇది కలదు. నన్నయభట్టారకుడు తన రచనకు నారాయణభట్టు సహాయుడయ్యెనని అవతారికలో చెప్పినాడు. భారత యుద్ధమున అర్జునునకు శ్రీకృష్ణు డెట్లో తనకు నారాయణభట్టు అట్లని పోల్చినాడు. ఈ పోలిక కేవలము స్తుతి గాదు. యుద్ధము చేసినవాడు అర్జునుడు. రథము నడపినవాడు, మార్గము చూపినవాడు కృష్ణుడు. కర్తృత్వ మెవరిదో, తోడ్పా టెట్టిదో ఒక్క ఉపమానమున తేలిపోయినది. రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టునకు నందంపూడి అగ్రహారము నిచ్చెను. ఆ దానశాసనమును రచించినవాడును నన్నయయే. కావ్యమున చెప్పిన కృతజ్ఞతకు తోడు శాసనమున భూదానము నమోదైనది. సహాయమునకు మాటయు దక్కెను, ఫలమును దక్కెను.

రెండవ ఉదాహరణము జనగామ జిల్లా నేలకు చెందినది. పాలకుర్తికి చేరువనున్న బమ్మెర గ్రామము పోతనామాత్యుని పేరుతో ముడివడియున్నది. ఆంధ్ర మహాభాగవతమున పంచమ స్కంధమును బొప్పరాజు గంగన, షష్ఠ స్కంధమును ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశ స్కంధములను వెలిగందల నారయ రచించిరి. లోకమున గ్రంథము పోతన భాగవతమనియే ప్రసిద్ధము. అయినను ఆయా స్కంధముల తుది గద్యలలో ఆయా కవుల పేర్లు నిలిచియున్నవి. ఆ గద్యలే లేకున్నచో ఏ భాగ మెవరిదో నిర్ణయించుటకు శైలీ పరీక్ష యొక్కటే శరణ్య మయ్యెడిది. పేరు చెప్పుట మర్యాద మాత్రమే గాక సాహిత్య చరిత్రకు ఆధారము గూడ నగునని ఇందువలన తెలియుచున్నది.

అవతారికలలో రెండవ ధోరణియు కలదు. అది కృతిపతి వర్ణనము. అందు వంశావళి, దానశీలము, కీర్తి అతిశయోక్తులతో వర్ణితములగును. కృతిపతి గ్రంథమునకు చేసిన తోడ్పాటు స్వరూపము మాత్రము స్పష్టముగా నుండదు. నేటి సిద్ధాంత వ్యాసములలోని నివేదనలు ఎక్కువగా ఈ రెండవ ధోరణికే వారసులు. పర్యవేక్షకుడు జ్ఞానసముద్రుడు, శాఖాధ్యక్షుడు సహృదయ శిరోమణి యగుదురు. కాని పర్యవేక్షకుడు ఏ అధ్యాయమును తిరిగి వ్రాయించెనో, ఏ వాదమును త్రోసిపుచ్చెనో ఆ పుటలలో కనబడదు. విశేషణములు పెరిగిన కొలది విషయము తరిగిపోవుచున్నది.

పరిశోధక విద్యార్థికి గల ఋణములు స్థూలముగా అయిదు విధములు. మొదటిది గురుఋణము. రెండవది గ్రంథాలయములకు, తాళపత్ర భాండాగారములకు, వానిలో అడిగిన ప్రతిని వెదకి తెచ్చి యిచ్చు ఉద్యోగులకు చెందునది. మూడవది వేతనమిచ్చి పోషించు సంస్థలది. నాలుగవది కుటుంబ ఋణము. పల్లెనుండి వచ్చిన విద్యార్థి అయిదారేండ్లు చదువుచున్నప్పుడు ఆతని వంతు సేద్యమును తండ్రియో తమ్ముడో చేయును. ఆతని వంతు ఇంటిబరువును భార్య మోయును. పరిశోధకురాలు వివాహిత యైనచో అత్తమామలో తల్లియో పిల్లలను చూచుకొందురు. ఈ నాల్గింటిని నివేదనలు ఏదో విధముగా పేర్కొనుచునే యున్నవి. అయిదవది విషయమునే యిచ్చినవారి ఋణము. పాట పాడినవారు, కథ చెప్పినవారు, మాటకు అర్థము వివరించినవారు ఈ తరగతికి చెందినవారు. వీరు సాధారణముగా కడపటి వాక్యమున, పేర్లు లేకుండ, 'కళాకారు లందరికిని' అను ఒక్క మాటలో ముగిసిపోవుచున్నారు.

ఈ అయిదవ ఋణము మన విశ్వవిద్యాలయముల తెలుగు పరిశోధనకు మొదటినుండియు నున్నది. వరంగల్లు ప్రాంతపు దేవనూరు గ్రామమున 1925లో జన్మించిన బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయ సాహిత్యమును గూర్చి పరిశోధించి 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునుండి పిహెచ్.డి. పట్టము పొందిరి. ఆ గ్రంథము 1958లో ముద్రితమైనది. అది ఖండవల్లి లక్ష్మీరంజనముగారు ఆ శాఖను పెంపొందించుచున్న కాలము. ధ్వనిముద్రణ యంత్రములు అందరికిని అందుబాటులో లేని ఆ రోజులలో పాటను సేకరించుట యనగా పాడువారు చరణమును మరల మరల చెప్పగా చేతితో వ్రాసికొనుట. పాట నడుమ ఆగినచో రాగము చెడును, మాట తప్పును. నాట్లు వేయుచు, తిరుగలి విసరుచు పాడు స్త్రీలు తమ పని నిలిపి చెప్పవలెను. నిలిచిన ఆ గంటకు కూలి నష్టము. మన జానపద వాఙ్మయ పరిశోధనకు పునాది ఇట్టి ఓర్పు మీద పడినది.

ఇప్పుడు జనగామ జిల్లాలోని లింగాల ఘనపూర్ మండలమును తీసికొందము. ఈ మండలమున మాణిక్యాపురమను గ్రామము కలదు. ఒగ్గుకథా గాయకుడుగా ప్రసిద్ధి కెక్కిన చుక్క సత్తయ్యగారిది ఈ ఊరే. 1935లో జన్మించి 2017 నవంబరు 9వ తేదీన కాలధర్మము నొందిరి. ఒగ్గు అనగా శివుని డమరుకమని అర్థము చెప్పుదురు. గొల్ల కురుమల యిండ్లలో మల్లన్న, బీరప్ప కొలుపులు జరిపించు ఒగ్గు పూజారులు ఈ కథలకు వారసులు. రంగు పొడులతో పట్నము వేసి, డోలు తాళములు మ్రోగుచుండగా ప్రధాన కథకుడు కథ నడపును. వంతవాడు మాట నందుకొనును. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ వీనిలో ముఖ్యములు. కొలుపునకు సంబంధించిన ఈ కళను వేదికలకును, ఆకాశవాణి దూరదర్శనములకును తెచ్చినవారిలో సత్తయ్యగారు ప్రముఖులు. 2004 సంవత్సరపు సంగీత నాటక అకాడమీ పురస్కారము వారికి లభించినది. కాకతీయ విశ్వవిద్యాలయము 2005లో గౌరవ డాక్టరేటు నిచ్చి సత్కరించినది.

ఈ సత్కారమున ఒక న్యాయము కలదు. ఒగ్గుకథను గూర్చి వ్యాసము వ్రాసి విద్యార్థి డాక్టరగును. ఆ కథను జీవితమంతయు కంఠస్థముగా మోసినవాడు పట్టికలో సమాచారదాతగా మిగులును. విశ్వవిద్యాలయము ఒక్కపరియైనను తన పట్టమును ఆ మూలపురుషునకే సమర్పించుట ఋణము నెరుగుట. అయితే గౌరవ పట్టము ఒక్కనికి లభించును. కథ ఒక్కనివలన జరుగదు. వంత పలికినవాడు, డోలు వాయించినవాడు, పట్నము వేసినవాడు లేనిదే కథ లేదు. విశ్వవిద్యాలయపు సన్మానపత్రమున వీరికి చోటు దొరకుట కష్టము. విద్యార్థి నివేదనమున మాత్రము దొరకవచ్చును. ఆ పుట విలువ అచ్చట నున్నది.

కథకుడు విద్యార్థికి చేయు తోడ్పాటు స్వరూపమును కొంచెము విచారింపవలసి యున్నది. ప్రబంధమును పరిశోధించువానికి గ్రంథము ముందే కలదు. ఒగ్గుకథను పరిశోధించువానికి కథకుడు చెప్పునంతవరకు గ్రంథమే లేదు. చెప్పిన తరువాత మాండలిక పదములకు అర్థము చెప్పువాడును అతడే. ఈ ఘట్టము ఇచ్చట ఎందులకు వచ్చినది, ఈ పేరు ఏ ఊరిది అని వివరించువాడును అతడే. కావున ఆయన ఒకేమారు కవియు, లేఖకుడును, వ్యాఖ్యాతయు అగుచున్నాడు. మల్లినాథుని వ్యాఖ్య నుపయోగించి ఆయన పేరు చెప్పనివానిని మనము చోరుడందుము. ఒగ్గుకథకుని వ్యాఖ్య నుపయోగించి పేరు చెప్పనివానిని అట్లనుటకు జంకుచున్నాము. ఈ భేదమునకు శాస్త్రమున ఆధారము లేదు.

పేరు చెప్పకపోవుటవలన కలుగు నష్టము నీతికి మాత్రమే గాదు, నిర్ణయమునకును కలుగును. ఒక విద్యార్థి మూడు గ్రామములలో బీరప్ప కథను సేకరించెననుకొందము. మూడింటను ఒక ఘట్టము ఒకే తీరున నున్నది. కావున ఈ పాఠము ప్రాంతమంతట వ్యాపించినదని వ్రాయును. కథకుల పేర్లు, వారి గురువుల పేర్లు వ్రాయబూనినప్పుడు ముగ్గురును ఒక్క గురువు శిష్యులేయని తేలినచో ఆ మూడు సాక్ష్యములు ఒక్క సాక్ష్యమే యగును. ఒకే మాతృకనుండి వ్రాసికొన్న మూడు తాళపత్ర ప్రతులను పరిష్కర్త మూడుగా లెక్కింపడు గదా! పేర్ల పట్టిక మౌఖిక సాహిత్యమునకు ప్రతుల వంశవృక్షము వంటిది. దానిని విడిచిన వ్యాసము ప్రతుల వివరము లేని పరిష్కరణము వలె నమ్మదగనిది.

ఇతర ప్రాంతములలో ఈ విషయమున మంచి ఉదాహరణములు కలవు. పల్నాటి వీరుల కథను గూర్చి జీన్ రోఘేర్ అను అమెరికా పండితుడు పరిశోధించి 1982లో ప్రకటించిన గ్రంథమునకు మూలము అలిసెట్టి గాలెయ్య అను గాయకుడు పాడిన పాఠము. ఆ పేరు గ్రంథమున స్పష్టముగా నున్నది. నేటి పండితులు గాలెయ్య పాఠమని దానిని పేర్కొనగలుగుచున్నారు. యుగోస్లావియాలో మిల్మన్ ప్యారీ 1935లో అవ్దో మెజెదోవిచ్ అను గాయకునినుండి 12,000 పాదములకు మించిన కథాగేయమును సేకరించెను. ప్యారీ శిష్యుడైన ఆల్బర్ట్ లార్డ్ 1974లో దాని యనువాదమును ప్రకటించినపుడు కర్తగా ఆ గాయకుని పేరునే వేసినాడు. సేకరించినవారు తమ పాలు తాము తీసికొని, పాడినవాని పాలు వానికి విడిచిరి. నన్నయ చేసిన విభాగమును ఇట్టిదే.

నేను పర్యవేక్షించు విద్యార్థులకు ఈ విషయమున చెప్పుచుండు మాటలు కొన్ని కలవు. నివేదనమును చివరి రాత్రి వ్రాయరాదు; క్షేత్రమున అడుగిడిన మొదటి దినమునుండి ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుచుండవలెను. ప్రతి కథకుని పేరు, ఊరు, వయస్సు, నేర్పిన గురువు, కథ చెప్పిన తేదీ, సందర్భము అందుండవలెను. వంతవారిని, వాద్యకారులను విడువరాదు. కొలుపున చెప్పిన కథయా, అడిగినందున ఇంటివద్ద చెప్పిన కథయా వేరుపరుపవలెను. రెండింటి నిడివియు నడకయు ఒకటి గావు. తోడ్పా టేమో క్రియావాచకముతో చెప్పవలెను. చెప్పెను, వివరించెను, దిద్దెను, దారి చూపెను, అన్నము పెట్టెను అనునవి ఉదార హృదయులు, మహనీయులు అను విశేషణములకంటె ఎక్కువ చెప్పును.

మరియొక జాగ్రత్తయు అవసరము. అందరును తమ పేరు అచ్చు కావలెనని కోరరు. పూజకు సంబంధించిన కొన్ని మాటలు బయటివారికి చెప్పుటకు కులపెద్దల అనుమతి లేకపోవచ్చును. చెప్పినవానికి ఆ పేరే కీడు కావచ్చును. కావున ముందుగా అడిగి, అంగీకరించినవారి పేర్లు మాత్రమే వ్రాయవలెను. తక్కినవారి విషయమున పేరు చెప్పకుండుటకు కారణము చెప్పవలెను. అడుగక విడుచుటకును, అడిగి విడుచుటకును చాల భేదము కలదు.

తుదకు ఋణము తీర్చుట యనునది కలదు. నారాయణభట్టునకు అగ్రహారము లభించినది. నేటి విద్యార్థి అగ్రహారము లీయజాలడు. కాని ధ్వనిముద్రణ ప్రతి నొకదానిని కథకుని యింటికి ఈయగలడు. కథకుడు గతించిన తరువాత కుమారునకో మనుమనికో ఆ గొంతు వినిపించునది అదియొక్కటే. కొత్తగా నేర్చువారికి పాఠముగా నుపయోగపడునదియు అదియే. వ్యాసము ముద్రితమైనచో ఒక ప్రతిని ఆ ఊరి పాఠశాలకు చేర్పవచ్చును. చదువరాని కథకునకు తన కథను గూర్చి వ్రాసిన అధ్యాయమును చదివి వినిపింపవచ్చును. విన్న తరువాత ఆయన తప్పని చెప్పినచో దిద్దుకొనవచ్చును. ఈ చివరి పని వ్యాసమును సమర్పించుటకు ముందే జరిగినచో ఋణము తీరుటయే గాక వ్యాసమును బాగుపడును.

పరిశోధన మండలి నియమావళిలో ఈ పుటలకు మార్కులు లేవు, ఉండనక్కరయు లేదు. కాని పరీక్షకులుగా కూర్చుండు మనము, జానపద వాఙ్మయమును గూర్చిన వ్యాసము చేతికి వచ్చినపుడు, ఉపసంహారముకంటె ముందు నివేదనమును చదువుట మంచిది. కథ చెప్పినవారెవరో, ఎవరివద్ద నేర్చిరో, ఏమి చేసిరో అందున్నచో మిగిలిన అధ్యాయములను నమ్మికతో చదువవచ్చును. లేనిచో మౌఖిక పరీక్షలో మొదటి ప్రశ్న దానిని గూర్చియే అడుగవలెను.