ముసలి కుక్కకు నీడ: షరీఅత్ ఏమంటుంది?

గత వేసవిలో కడప నుండి ఒక మిత్రుడు నా వద్దకు ఒక ధర్మసందేహం తెచ్చారు. ఊరి చివర ఆయన ఇంటి ప్రక్కనే ఒక రైతుకు చీనీ తోట ఉండేది. బోరు ఎండిపోయింది, వెనుకనే చెట్లూ ఎండిపోయాయి. రైతు తోట అమ్ముకొని కొడుకు దగ్గరకు పట్నం వెళ్లిపోయాడు. తొమ్మిదేళ్లు ఆ తోటను కాసిన కుక్క మాత్రం ఖాళీ గేటు దగ్గరే మిగిలింది. ఎవరో దయగలవారు దానిని ఒక షెల్టరుకు, అంటే జంతు శరణాలయానికి, చేర్చారు. అక్కడికి వచ్చేవారంతా పిల్లకుక్కలను ఎంచుకొని పోతున్నారు. కళ్లు మసకబారి, వెనుక కాళ్లు ఈడుస్తూ నడిచే ఈ ముసలిదానిని అడిగేవారు లేరు.

"అన్నా, అది కూనగా ఉన్నప్పటి నుండి నన్ను ఎరుగును. తెచ్చుకుందామంటే అమ్మ ఒప్పుకోవడం లేదు. ఇంట్లోకి ఫరిష్తాలు రారు, నమాజు చెడుతుంది అంటుంది. పైగా అది ఇప్పుడు కాపలాకు కూడా పనికిరాదు కదా! ఏమని తెచ్చుకునేది?" అని ఆయన అడిగారు.

ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. కనుక దీనిని కొంత వివరంగా పరిశీలించడం అవసరమని తోచింది.

ముసలివి ఎందుకు మిగిలిపోతున్నాయి?

మన దేశంలో వీధికుక్కల విషయమై 2001లో చేసిన నిబంధనల స్థానంలో 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి. రెండింటి సారాంశం ఒకటే: వీధికుక్కను పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, తిరిగి దాని చోటనే వదలాలి. ఈ పద్ధతిలో షెల్టరులో ఎక్కువ కాలం ఉండిపోయేవి సాధారణంగా కాలు విరిగినవి, చూపు పోయినవి, యజమానులు వదిలేసినవి. అయితే 2025 నవంబరు 7న సుప్రీం కోర్టు మరొక ఉత్తర్వు ఇచ్చింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణలలోని వీధికుక్కలను షెల్టర్లకు తరలించాలనీ, వాటిని తిరిగి అక్కడే వదలరాదనీ దాని సారాంశం. కుక్కకాటు వలన పసిపిల్లలు ప్రాణాలు కోల్పోతున్న దేశంలో ఇటువంటి ఉత్తర్వుకు కారణం అందరూ గ్రహించగలరు. కాని షెల్టరులోకి చేరినదానిని బయటకు తీసుకొనిపోయే ఇల్లు లేకపోతే ఏమవుతుంది? చోటు నిండిపోతుంది. కొత్తగా గాయపడి వచ్చినదానికి స్థలం దొరకదు.

రాయలసీమలో ఇటువంటి సేవ చేస్తున్న సంస్థలు తక్కువ. 2000లో ప్రారంభమైన పుట్టపర్తిలోని కరుణ సొసైటీ వాటిలో ఒకటి. ఒక్క ముసలి కుక్కను ఎవరైనా ఇంటికి తీసుకొనిపోతే, ఇటువంటి చోట మరొక ప్రాణికి స్థలం ఏర్పడుతుంది.

"పెంచడం" అనే మాట

మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) వారి ఒక హదీసు మనలో చాలామందికి తెలుసు. పశువుల మంద కోసమో, వేట కోసమో, పొలం కోసమో తప్ప కుక్కను ఉంచుకునేవాని పుణ్యంలో నుండి దినమునకు ఒక ఖీరాతు తగ్గుతుందని దాని భావం. రెండు ఖీరాతులని మరొక ఉల్లేఖనం. దీనిని తెలుగు చేసేటప్పుడు "కుక్కను పెంచడం" అని వ్రాస్తుంటాము. నేనూ అలాగే వ్రాశాను. కాని ఒక ఉల్లేఖనంలో వచ్చిన అరబీ పదం "ఇఖ్తనా". తనకొక సొత్తుగా సంపాదించి ఉంచుకోవడం అని దాని అర్థం. తెలుగులో "పెంచడం" అంటే ముద్దుకు పెంచడమూ అవుతుంది, దిక్కులేనిదానికి ఇంత గంజి పోసి బ్రతికించడమూ అవుతుంది. ఈ రెండూ ఒకటి కావని మొదట గ్రహించాలి.

ఇక హదీసులో మినహాయించిన మూడు పనులూ మన సీమ జీవితంలోనివే. వేసవి రాగానే గొర్రెల మందలు మేత కోసం నల్లమల వైపు, కె.సి. కెనాల్ ఆయకట్టు వైపు కదులుతాయి. రాత్రి దొడ్డి చుట్టూ కుక్కలు లేకపోతే తోడేలుకు అడ్డు ఉండదు. ఈ మినహాయింపును ఇంటి కాపలాకు కూడా ఖియాస్ ద్వారా వర్తింపజేయడమే సరియైనదని ఇమామ్ నవవీ అభిప్రాయం. ఊరి చివర ఇల్లు గల వానికి ఇది సరిపోతుంది. ముసలి కుక్క దొంగను తరమలేకపోవచ్చు. కాని గేటు చప్పుడైతే మొరుగుతుంది. కాపలాలో సగం పని ఆ మొరుగుడే.

మరొక విషయం. కుక్క వెల పుచ్చుకోవడాన్ని హదీసు నిషేధించింది. అందువలన షాఫయీ, హంబలీ పండితులు కుక్క అమ్మకం చెల్లదన్నారు. హనఫీలు ఉపయోగపడే కుక్క అమ్మకాన్ని అనుమతించారు. వేల రూపాయలు పోసి జాతి కుక్కను కొనేవారు ఈ చర్చను తప్పించుకోలేరు. షెల్టరు కుక్కను వెల లేకుండానే ఇస్తారు. దాని వైద్యానికి ఎవరైనా కొంత ఇస్తే అది దానమే గాని వెల కాదు.

నమాజు, ఫరిష్తాలు

అమ్మగారి భయాన్ని తేలికగా కొట్టివేయరాదు. కుక్క ఉన్న ఇంటిలోకి ఫరిష్తాలు ప్రవేశించరన్న హదీసు ప్రామాణికమైనదే. అయితే ఉంచుకోవడానికి అనుమతి లేని కుక్కను గురించే ఇది వచ్చినదనీ, మంద కుక్క, పొలం కుక్క ఇందులోకి రావనీ ఇమామ్ ఖత్తాబీ వివరించారు. ఇమామ్ నవవీ దీనిని అన్ని కుక్కలకూ వర్తింపజేశారు. ఇద్దరూ గొప్ప పండితులే. కనుక జాగ్రత్త మార్గం ఏమిటంటే, కుక్కకు చోటు ఇంటిలోపల కాక ఆవరణలో గేటు దగ్గర ఏర్పాటు చేయడం.

పరిశుద్ధత విషయంలో కూడా భేదాలున్నాయి. కుక్క మూతిపెట్టిన పాత్రను ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో, కడగాలని షాఫయీ, హంబలీల మార్గం. హనఫీల వద్ద మూడుసార్లు కడిగితే చాలును, ఏడుసార్లు మేలు. ఇమామ్ మాలిక్ అయితే కుక్క దేహాన్ని అశుద్ధంగా పరిగణించలేదు. మన ప్రాంతంలో అధికసంఖ్యాకులైన హనఫీల వద్ద ప్రబలమైన అభిప్రాయం ప్రకారం కుక్క లాలాజలం అశుద్ధమే గాని, పొడిగా ఉన్న దాని ఒళ్లు తగిలినంత మాత్రాన బట్టలు చెడవు. దైవప్రవక్త (స) కాలంలో కుక్కలు మస్జిదులోకి వచ్చి పోతుండేవనీ, అందుకోసం నీళ్లు చల్లేవారు కాదనీ హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) చెప్పిన మాట సహీహ్ బుఖారీలో ఉన్నది. కుక్కకు విడిగా ఒక గిన్నె, నమాజు బట్టలకు విడిగా ఒక చోటు ఉంటే సమస్యలో ఎక్కువ భాగం తీరుతుంది.

ముసలితనంతో హక్కు పోదు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. పనికిరానిదానిపై మనకు బాధ్యత ఉన్నదా?

హిజ్రీ 660లో (క్రీ.శ. 1262) మరణించిన షాఫయీ విద్వాంసుడు ఇజ్జుద్దీన్ ఇబ్నె అబ్దిస్సలామ్ తన "ఖవాయిదుల్ అహ్‌కామ్"లో మనిషిపై జంతువులకు గల హక్కులను పేర్కొన్నారు. జంతువు వయసుడిగినా, జబ్బుపడినా, ఇక దానివల్ల ఏ లాభమూ లేకపోయినా, దానికి తగిన పోషణ ఇవ్వడం ఆ హక్కులలో మొదటిది. యజమాని ఈ పోషణ మానివేస్తే ఖాజీ అతనిని బలవంతపెట్టవచ్చునని హనఫీలలో ఇమామ్ అబూ యూసుఫ్ అభిప్రాయం. మన దేశపు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కూడా, ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో సరియైన కారణం లేకుండా జంతువును వదలిపెట్టడాన్ని నేరంగా పేర్కొన్నది. అంటే తొమ్మిదేళ్లు కాపలా చేయించుకొని గేటు దగ్గర వదిలి వెళ్లడం షరీఅత్‌లోనూ తప్పే, చట్టంలోనూ తప్పే.

పిల్లిని బంధించి, తిండి పెట్టక, తన తిండి తాను వెదుక్కోనివ్వక చంపిన స్త్రీ నరకానికి పాత్రురాలైన వృత్తాంతం మనకు తెలిసినదే. ముస్లింల చరిత్రలోనే ఈ పాఠాన్ని మరచిన సందర్భం ఒకటి ఉన్నది. 1910లో ఇస్తాంబుల్ నగర అధికారులు వేలాది వీధికుక్కలను పట్టించి మర్మరా సముద్రంలోని ఒక బండరాళ్ల దీవిలో వదిలారు. అక్కడ తిండి లేదు, మంచినీళ్లు లేవు. అవి ఆకలిదప్పులతోనే చచ్చాయి. చోటు చూపడం వేరు, కంటికి కనబడకుండా చేయడం వేరు.

దీనికి ఎదురుగా దాహంతో మట్టి నాకుతున్న కుక్క కోసం బావిలోకి దిగి, తోలు మేజోడులో నీళ్లు నింపి, దానిని నోట కరచుకొని పైకెక్కిన మనిషి కథ ఉన్నది. అల్లాహ్ అతని పాపాలు క్షమించాడు. ఆ కుక్క అతనిది కాదు, అతనికి ఏ కాపలా కాయలేదు. వేసవిలో బావులు అడుగంటే మన సీమలో ఈ హదీసు అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కరలేదు.

గుహవాసుల కుక్క సంగతి కూడా గుర్తుంచుకోదగినది. దివ్య ఖుర్‌ఆన్ కహఫ్ సూరాలో దాని ప్రస్తావన నాలుగుసార్లు వచ్చింది. గుహవాసుల సంఖ్యను గురించి ప్రజలు వాదులాడిన ప్రతిసారీ దానినీ కలిపి లెక్కించారు. వారు గుహలో ఉన్నది 300 సంవత్సరాలు, మరి 9. అంతకాలమూ అది ముంగాళ్లు చాచి గడప వద్ద పడి ఉన్నది. కడప పేరే "గడప" నుండి వచ్చిందని పెద్దలు చెబుతారు. కుక్కకు తగిన చోటు గడప బయటనే అయినా, గడప బయట ఉన్నంత మాత్రాన అది లెక్కలోనిది కాకుండా పోదు.

తెచ్చుకునేవారికి

ముసలి కుక్క సాధారణంగా కూనలా చెప్పులు కొరకదు, రోజంతా గంతులు వేయదు. దానికి కావలసినది నీడ, నేల చల్లగా లేక వేడిగా తగలకుండా ఒక గోనెపట్టా, ఎప్పుడూ నీళ్లున్న తొట్టి. 40 డిగ్రీలు దాటే మన ఎండల్లో రేకుల షెడ్డు పనికిరాదు. చెట్టు నీడ గాని, కొట్టం గాని ఉండాలి. పళ్లు అరిగి ఉంటాయి గనుక మెత్తని సంగటి, అన్నంలో కలిపిన గుడ్డు మేలు. బక్రీదు నాడు ఉడికిన ఎముకలు వేయరాదు. అవి చీలి పేగులకు గుచ్చుకుంటాయి. షీర్ ఖుర్మాలోని కిస్‌మిస్, బిర్యానీలోని ఉల్లిగడ్డ కుక్కకు విషం. ఏటా రేబిస్ టీకా వేయించాలి. తినేటప్పుడు, నిద్రించేటప్పుడు పిల్లలను దాని దగ్గరకు పోనివ్వరాదు. ఎప్పుడైనా పన్ను తగిలితే 15 నిమిషాల పాటు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంట్లో వీలుకానివారు తోట ఉన్న బంధువునో, ఇరుగుపొరుగునో ఒప్పించవచ్చు. లేదా షెల్టరులో ఉన్న ఒక ముసలిదాని నెల తిండి ఖర్చు భరించవచ్చు.

పైన వ్రాసినది నేను చదివి అర్థం చేసుకున్నది మాత్రమే, ఫత్వా కాదు. సందేహం ఉన్నవారు తమ ఉలమాను అడగగలరు. నా మిత్రుడు ఈ విషయాలన్నీ అమ్మగారికి చెప్పారు. ఆమె చాలాసేపు విని, "గడప దాటి లోపలికి రాకూడదు, దాని గిన్నె నా వంటింటి గిన్నెలలో కలవకూడదు" అని రెండు షరతులు పెట్టారట. రెండూ న్యాయమైనవే. కుక్క ఇప్పుడు వారి గేటు ప్రక్కన వేపచెట్టు క్రింద ఉంటున్నది. ఆ షెల్టరులో అటువంటివి ఇంకా కొన్ని ఉన్నాయని ఆయన వ్రాశారు.