గగనంలో గంట, నేలపై అయిదు గంటలు

బిలాస్‌పూర్ సదర్ బజార్ నుండి విశాఖపట్నం ఎంత దూరం? ఈ ప్రశ్నకు మూడు సమాధానాలున్నాయి; మూడూ నిజమే. దేశపటం మీద సరళరేఖ గీసి కొలిస్తే సుమారు 490 కిలోమీటర్లు. రైలుమార్గాన దాదాపు 640. ఇక, తల్లికి ప్రాణం మీదికి వచ్చిందని స్వస్థలం నుండి కబురందిన మనిషి ఆ దూరాన్ని కిలోమీటర్లలో కొలవడు, గంటలలో కొలుస్తాడు.

ఛత్తీస్‌గఢ్‌లోని ఈ రైల్వే నగరంలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. కనుక ఈ ప్రశ్న వారికి కేవలం భూగోళశాస్త్రానికి సంబంధించినది కాదు. నాటి బెంగాల్–నాగపూర్ రైల్వే 1931లో రాయపూర్–విజయనగరం మార్గాన్ని పూర్తి చేయడంతో మధ్య భారతానికి విశాఖ తీరం చేరువైంది. అయితే బిలాస్‌పూర్‌లో బయలుదేరిన రైలు ముందుగా నైరుతి దిశన ఉన్న రాయపూర్‌కు పోయి, ఆపై టిట్లాగఢ్, రాయగడల మీదుగా తూర్పు కనుమలను దాటుకొని రావాలి. సరళరేఖ కంటె పట్టాల దారి 150 కిలోమీటర్లు అధికం కావడానికి కారణమిదే. ప్రయాణానికి 12, 13 గంటలు పడుతుంది.

మరి విమానమో? చిన్న పట్టణాల నడుమ తిరిగే ఏటీఆర్–72 విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పోగలదు. ఆ లెక్కన 490 కిలోమీటర్లు గంటలోపు మాటే. కాని రన్‌వే చివరకు నడవడం, ఎత్తుకు ఎగరడం, తిరిగి దిగడం, ఇవన్నీ నెమ్మదిగా సాగే పనులు. వాటిని కూడ కలిపితే గంటంబావు అవుతుంది. దూరం ఎంత తక్కువైతే, ప్రయాణంలో ఈ నెమ్మది భాగం అంత ఎక్కువ.

అసలు ఆలస్యం నేల మీద ఉన్నది. రాయపూర్‌లో విమానం ఎక్కదలచిన బిలాస్‌పూర్ వాసి సుమారు 130 కిలోమీటర్లు రోడ్డు మీద పోవాలి. అందుకు రెండున్నర గంటలు. తనిఖీల నిమిత్తం ముందుగా చేరవలసిన సమయం గంటన్నర. విశాఖలో దిగి ఇల్లు చేరడానికి మరొక గంట. నేరుగా పోయే విమానం దొరికిన రోజున సైతం, ఆకాశంలో గడిచే ఒక్క గంట కోసం నేలపై అయిదు గంటలు వెచ్చించాలి.

ఈ అయిదు గంటల బరువు తెలిసినందుననే బిలాస్‌పూర్ పౌరులు తమ ఊరికే విమానం కావాలని 2019 నుండి ధర్నా సాగించారు. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. 2021 మార్చి 1న నగర శివారులోని చకర్‌భాఠా నుండి ఢిల్లీ దిశగా విమాన సర్వీసు ఆరంభమైంది. ఊరికి పేరునిచ్చిందని చెప్పుకొనే జాలరి వనిత బిలాసా దేవి కేవట్ పేరే ఆ విమానాశ్రయానికి పెట్టారు.

చిన్న ఊళ్ళ విమానాశ్రయాలను విలాసమనే వారున్నారు. అయితే అవి తగ్గించేది ఆకాశంలోని దూరాన్ని కాదు, నేల మీది దూరాన్ని. టిక్కెట్టు మీద అచ్చయ్యే ప్రయాణకాలం విమానానిది మాత్రమే. మనిషి ప్రయాణం తన గడపలో మొదలై, తన కోసం ఎదురుచూసే వారి గడపలో ముగుస్తుంది. రెండు ఊళ్ళ మధ్య నిజమైన దూరం అదే.