రోబోటిక్ టోటల్ స్టేషన్

రోబోటిక్ టోటల్ స్టేషన్ అనేది కట్టడపు డిజిటల్ నమూనాలోని బిందువులను నిర్మాణ స్థలంలో గుర్తించే సర్వే పరికరం. 1990లో స్వీడన్ నుండి వెలువడిన జియోడిమీటర్ సిస్టమ్ 4000 ఈ తరహాలో మొదటిది. మోటారుతో తిరుగుతూ సర్వేయరు చేతికర్రపై ఉన్న ప్రిజమ్‌ను వెంబడిస్తుంది కనుక పరికరం వద్ద మరో మనిషి అక్కరలేదు.

కాంక్రీటు గట్టిపడ్డాక పొరపాటు దిద్దాలంటే పగలగొట్టవలసిందే. అందువలన బోల్టులు, పైపు రంధ్రాల స్థానాలను ముందే సరిచూస్తారు. అయితే నమూనాయే తప్పయితే పరికరం ఆ తప్పునే కచ్చితంగా చూపుతుంది! పల్నాడు జిల్లా వెల్దుర్తి వంటి ఎండ ప్రాంతాలలో గాలి ఉష్ణోగ్రతను 10 డిగ్రీలు తప్పుగా నమోదు చేస్తే కిలోమీటరుకు సుమారు 10 మి.మీ. తేడా వస్తుంది.

ఈ ప్రాంతానికి చేరువలోని నాగార్జునసాగర్ రాతి ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగినప్పటికి ఇటువంటి పరికరాలు లేవు.