కోతల వేళ వాన కబురు: చదవడమెలా?

తెనాలి, బాపట్ల, రేపల్లె: చేను పండింది. పొలంలో నీరు తీసేశారు. కోత యంత్రం రేపు వస్తుందో ఎల్లుండి వస్తుందో తెలియదు. ఇంతలో బంగాళాఖాతంలో అల్పపీడనమన్న కబురు వస్తుంది. కోస్తే పనలు తడుస్తాయి, కోయకుంటే చేను నేలవాలుతుంది. కృష్ణా పశ్చిమ డెల్టా రైతాంగానికి నవంబరు, డిసెంబరు నెలల్లో తరచూ ఎదురయ్యే సందిగ్ధమిది. వారం రోజుల వాతావరణ సూచనలోని మాటలకు అర్థం తెలిస్తే నిర్ణయం కొంత తేలికవుతుంది.

చిక్కుకు సగం కారణం డెల్టా మెచ్చిన వరి రకమే. బాపట్లలో రూపుదిద్దుకొని 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, సుమారు 150 రోజుల పంట. అన్నానికి ఎంత పేరున్నా గాలివానకు పడిపోయే గుణం దానికి ఉంది. కాలువ నీరు అందాక జూలైలో నారు పోస్తే కోతకు వచ్చేది డిసెంబరులోనే. అది బంగాళాఖాతంలో తుపాన్ల కాలం.

మాటల వెనుక లెక్క

వాతావరణ శాఖ బులెటిన్‌లో ప్రతి మాటకూ కొలత ఉంది. 24 గంటల్లో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్ల వరకు కురిస్తే మోస్తరు వర్షం. 64.5 నుంచి 115.5 వరకు భారీ, ఆపైన 204.4 వరకు అతి భారీ వర్షం. మోస్తరు అనగానే చాలామంది ఊరట చెందుతారు. పొలంలో పనల మీదున్న వరికి 20 మిల్లీమీటర్లు కూడా చేటేనన్నది మరువరాదు.

'ఒకటి రెండు చోట్ల' అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడుతుందని భావం. 'చాలా చోట్ల' అంటే సగానికి పైగా కేంద్రాల్లో. మొదటి మాటకు భయపడి పచ్చి చేను కోయనక్కరలేదు, రెండోదాన్ని తేలికగా తీసుకోకూడదు. వర్షపాతం లెక్కకు రోజు అర్ధరాత్రితో మారదు. ఉదయం 8.30 గంటల నుంచి మరునాడు ఉదయం 8.30 వరకు ఒక రోజు. మంగళవారానికి చెప్పిన వాన బుధవారం తెల్లవారుజామున కురిసినా సూచన నిజమైనట్లే.

బులెటిన్ ఊరికి కాక జిల్లాకు వెలువడుతుంది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడ్డాక తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోగా రేపల్లె, వేమూరు, కొల్లూరు బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. వేమూరు రైతు తెనాలి బజారుకు వచ్చి అక్కడ విన్న గుంటూరు జిల్లా సూచనతో సరిపెట్టుకోరాదు. తీరం ఉన్న జిల్లాకు హెచ్చరిక రంగు వేరుగా ఉండవచ్చు. పసుపు రంగు గమనిస్తుండమని, నారింజ సిద్ధం కమ్మని, ఎరుపు వెంటనే చర్య తీసుకోమని అర్థం.

తీరం దాటే చోటు

2023 డిసెంబరు 5న మిచాంగ్ తీవ్ర తుపాను బాపట్లకు చేరువలో తీరం దాటింది. అంతకుముందు రోజుల్లో బులెటిన్లు చెబుతూ వచ్చింది 'నెల్లూరు, మచిలీపట్నం మధ్య' అని. తుపాను దగ్గరపడే కొద్దీ ఆ నిడివి తగ్గుతుంది. అందుకే మొదటి రెండు మూడు రోజుల సూచనను పనికి, నాలుగో రోజు తర్వాతి దాన్ని సన్నాహానికి వాడుకోవాలి.

దాటే చోటు బాపట్ల అయితే రేపల్లెకు ముప్పు తప్పినట్లు కాదు. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది. కేంద్రానికి కుడివైపు, అంటే నిజాంపట్నం, దివిసీమ వైపు, గాలి సముద్రాన్ని నేల మీదికి నెడుతుంది. 1977 నవంబరు 19న తుపాను చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో తీరం దాటితే, ఉప్పెన ఎక్కువ ప్రాణాలు తీసింది కృష్ణకు ఆవలనున్న దివిసీమలో.

కోయాలా, ఆగాలా?

రెండు రోజుల్లో భారీ వర్షమని ఉంటే కోత వాయిదా వేసి, మురుగు కాలువకు గండ్లు తెరిచి ఉంచాలి. నిలబడిన చేనుకు తడిసినా ఆరే అవకాశముంది, నేల మీది పనలకు అది తక్కువ. ఇప్పటికే కోసి ఉంటే ఆరినంత వరకు కుప్ప వేసి పట్టాలు కప్పాలి. తడిసిన పనల్లో గింజ మొలకెత్తకుండా ఐదు శాతం ఉప్పు ద్రావణం, అంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి, పిచికారీ చేయాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు సూచిస్తారు. యంత్రంతో కోసిన ధాన్యంలో తేమ ఎక్కువ. కొనుగోలు కేంద్రంలో 17 శాతం మించితే పేచీ మొదలవుతుంది కనుక, ఆరబెట్టే స్థలం, పట్టాలు చూసుకున్నాకే యంత్రాన్ని పిలవడం మేలు.

పంటల వారీ సలహాలతో కూడిన జిల్లా బులెటిన్ మంగళ, శుక్రవారాల్లో వెలువడుతుంది. శుక్రవారం చూసిన సూచనతో సోమవారం కోతకు దిగేవారు ఆ ఉదయం తాజా హెచ్చరికను మరోసారి సరిచూసుకోవాలి.